ప్రభుత్వ రంగ కంపెనీల ఆర్డర్లలో ఎస్టీ యజమానులకు ఉన్న వాటా: బిడ్ ఎలా వేయాలి?

నమస్తే. గిరిజన కుటుంబాల నుంచి వచ్చి చిన్న యూనిట్ నడుపుకుంటున్న వాళ్ల కోసం ఈ వీడియో. ఫ్యాబ్రికేషన్ షాపు కావచ్చు, యూనిఫాంలు కుట్టే యూనిట్ కావచ్చు.

విశాఖ స్టీల్, ఎన్‌టీపీసీ, బీహెచ్‌ఈఎల్, ఎన్‌ఎండీసీ లాంటి కేంద్ర ప్రభుత్వ కంపెనీలు తమ మొత్తం కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలి. ఆ 25లో 4 ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి కొనాలి. ఇది 2012 నాటి ప్రొక్యూర్‌మెంట్ పాలసీ, అంటే ప్రభుత్వ కొనుగోళ్ల విధానం. మొదట 20 శాతం ఉండేది, 2018 సవరణతో 25 అయింది.

అయితే ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండర్‌లో పాల్గొనకపోయినా, షరతులకు, ధరకు సరితూగకపోయినా ఆ 4 శాతాన్ని మిగతా చిన్న సంస్థలతో నింపుకోవచ్చని అదే పాలసీ చెబుతోంది. మనం బిడ్ వేయకపోతే మన వాటా చప్పుడు లేకుండా వేరేవాళ్లకు పోతుంది. పైగా ఎస్టీలకు విడిగా వాటా లేదు, ఇద్దరికీ కలిపే 4. విడిగా ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

సరే, పనిలోకి వద్దాం. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆధార్‌తో చేసుకోవచ్చు, పూర్తిగా ఉచితం. సర్టిఫికెట్ వచ్చాక ఇదిగో, స్క్రీన్ మీద చూపిస్తున్న ఈ 'సోషల్ కేటగిరీ' లైన్ చూడండి. అక్కడ ఎస్టీ అని ఉందా? జనరల్ అని పడితే వెంటనే సరిచేయించండి. కంపెనీ లేదా భాగస్వామ్యం అయితే ఎస్సీ, ఎస్టీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. ఎవరో వచ్చి 'మీ పేరు పెడదాం, పని మేం చూసుకుంటాం' అంటే ఒప్పుకోకండి. బినామీ వ్యవహారం బయటపడితే కేసులో ఇరుక్కునేది మీరే.

తర్వాత జెమ్ పోర్టల్‌లో, అంటే ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్‌లో, సెల్లర్‌గా చేరండి. బిడ్ డాక్యుమెంట్ తెరవగానే రెండు లైన్లు వెతకండి: 'ఎంఎస్ఈ పర్చేజ్ ప్రిఫరెన్స్', అంటే సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలులో ప్రాధాన్యం, ఒకటి; అనుభవం, టర్నోవర్‌లో ఎంఎస్ఈలకు సడలింపు ఉందా లేదా అన్నది రెండోది. రెండింటికీ 'ఎస్' అని ఉంటే మీకు పని తేలిక. ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్, కట్టక్కర్లేదు. కానీ సరుకు మీరే తయారుచేయాలి. కొని అమ్మే ట్రేడర్లకు ఈ వెసులుబాట్లు వర్తించవు.

ఇప్పుడు ధర సంగతి. ఇది నిదానంగా వినండి. అందరికన్నా తక్కువ రేటు, అంటే ఎల్1, ఒక పెద్ద కంపెనీది అనుకుందాం: 1,000 రూపాయలు. మీరు 1,120 కోట్ చేశారు. పోయినట్టేనా? కాదు. 1,150 లోపు ఉన్నారు కాబట్టి 'మీరూ 1,000కి ఇస్తారా?' అని అడుగుతారు. సరేనంటే ఆర్డర్‌లో 25 శాతం వరకు మీకు వస్తుంది. మీలాంటి చిన్న సంస్థలు ఇంకా ఉంటే ఆ 25 అందరికీ పంచుతారు. విడగొట్టలేని ఆర్డర్ అయితే లెక్క వేరు, అది బిడ్‌లోనే రాసి ఉంటుంది. అందుకే బిడ్ వేయకముందే మెటీరియల్, కూలి, కరెంటు, పాడేరు నుంచి లారీ కిరాయి అన్నీ కలిపి ఇంతకన్నా దిగలేను అనే రేటు రాసిపెట్టుకోండి. ఆ రేటు 1,050 అయితే 1,000కి ఒప్పుకోవద్దు. నష్టానికి ఇచ్చిన మొదటి ఆర్డర్ చిన్న యూనిట్‌ను మళ్లీ లేవనివ్వదు.

ఇక డబ్బులు. సరుకు దించిన రోజే తేదీ, సంతకం, ముద్రతో రసీదు తీసుకోండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు తీసుకున్నట్టే లెక్క. ఒప్పందంలో ఏం రాసుకున్నా డబ్బు చెల్లించడానికి 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ కట్టాలని 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. 'పెద్ద కంపెనీతో గొడవెందుకు' అనే టెన్షన్ చాలామందికి ఉంటుంది. ముందు వడ్డీ లెక్క వేసి ఒక ఉత్తరం పంపండి. కదలిక లేకపోతే, చిన్న సంస్థల బకాయిల గొడవలు తేల్చే మన రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఉద్యమ్ నంబరు, పర్చేజ్ ఆర్డరు, ఇన్వాయిస్, ఆ సంతకం ఉన్న రసీదు జతచేయండి.