ఇంగ్లిష్‌లో పాఠం చెప్పడానికి ఆన్‌లైన్ శిక్షణ: సర్టిఫికెట్ వచ్చింది, మరి మాట వచ్చిందా?

నమస్కారం. తెలుగు మాధ్యమంలో చదివి, ఏళ్ల తరబడి తెలుగులోనే లెక్కలు చెప్పి, ఇప్పుడు ఇంగ్లిష్‌లో చెప్పవలసి వచ్చిన నాలాంటి ప్రభుత్వ ఉపాధ్యాయుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. తెలంగాణలో 2022–23 విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం మొదలైనప్పుడు, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు మా బడికి వచ్చాయి. పుస్తకానికి రెండు పేజీలున్నా, నా నోటికి అలవాటైనది ఒక్కటే. ఆ రెండో పేజీ కోసం నేను పూర్తిచేసిన ఒక ఆన్‌లైన్ కోర్సును ఈ రోజు పరిశీలిద్దాం. దాని పేరు చెప్పడం లేదు. 2017లో దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక వచ్చాక, 2020లో కరోనా కారణంగా నిష్ఠ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కూడా ఆన్‌లైన్‌కు మారాక, వీడియో చూసి, క్విజ్ రాసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకునే ఈ వరస మనందరికీ తెలిసినదే.

మొదట మంచి సంగతి. తరగతిని నడిపే భాష మీద ఉన్న మాడ్యూల్ నిజంగా పనికొచ్చింది. ‘అర్థమైందా?’ అని అడగవద్దనీ, పిల్లలు జవాబు చెప్పి తీరవలసిన చిన్న ప్రశ్న వేయమనీ అందులో చెప్పారు. మర్నాడే ఆరో తరగతిలో భిన్నాలు చెబుతూ, పాత అలవాటు కొద్దీ ‘డూ యూ అండర్‌స్టాండ్?’ అన్నాను, తరగతి మొత్తం ‘ఎస్ సార్’ అంది. అప్పుడు మాడ్యూల్ గుర్తొచ్చి, ‘విచ్ ఈజ్ బిగ్గర్, వన్ బై త్రీ ఆర్ వన్ బై ఫోర్?’ అని అడిగితే, వెనక బెంచీ అమ్మాయి ‘వన్ బై ఫోర్ సార్, నాలుగే పెద్దది కదా’ అంది. ఆ పిల్లకు ఇంగ్లిష్ ప్రశ్న అర్థమైంది, అర్థం కానిది భిన్నం. రెండు కాగితాలు మడిచి, ఒకదాన్ని మూడు భాగాలు, ఇంకోదాన్ని నాలుగు భాగాలు చేసి, తెలుగులో వివరించి, ఆ తర్వాత న్యూమరేటర్, డినామినేటర్ అనే మాటలు బోర్డు మీద రాశాను.

సరిగ్గా ఈ చోటే కోర్సు చేతులెత్తేసింది. అందులోని నమూనా పాఠాల్లో ఉపాధ్యాయురాలి నోట ఒక్క తెలుగు మాట రాదు, పిల్లల్లో ఒక్కరూ తప్పు చెప్పరు. లవం, హారం అని తెలిసిన పిల్లవాడిని కొత్త మాట దాకా ఎలా తీసుకురావాలో, ఎప్పుడు తెలుగులోకి వెళ్లి ఎప్పుడు తిరిగి రావాలో, మనకు అన్నిటికన్నా అవసరమైన ఆ విషయం మీద ఒక్క వీడియో కూడా లేదు.

ఉచ్చారణ మాడ్యూల్ మరీ విచిత్రం. మనం ‘ఎగ్’ను ‘యెగ్’ అంటామని, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అంటామని చెప్పడం బాగానే ఉంది. ‘నా తర్వాత చెప్పండి’ అని వీడియోలో పాఠం చెప్పే ఆవిడ అంటారు, నేను ఫోన్‌కు చెబుతాను, సరిగా అన్నానో లేదో వినేవారెవరూ లేకుండానే వీడియో ముందుకు సాగిపోతుంది. కోర్సు మొత్తంలో నేను మాట్లాడింది ఇంతే. వీడియోను ముందుకు జరపడం కుదరదు కాబట్టి, ఫోన్‌ను బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిన రోజులు నాకూ ఉన్నాయి. క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో ముందే తిరుగుతున్నాయని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

సమయం తక్కువగా ఉన్నవారు తరగతి భాష మాడ్యూల్‌ను శ్రద్ధగా చూడండి, వ్యాకరణం మాడ్యూల్‌ను క్విజ్ కోసం చూస్తే చాలు. మాట్లాడటం కోసమైతే, మా స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బడుల సమూహంలో, నలుగురం రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌లో కలుసుకొని, మర్నాటి పాఠంలోని పది నిమిషాల భాగాన్ని ఒకరికొకరం ఇంగ్లిష్‌లో చెప్పుకుంటున్నాం. నిన్న నా వంతు. ‘డినామినేటర్’ దగ్గర రెండుసార్లు తడబడ్డాను, సైన్సు మేడమ్ ఆపి సరిదిద్దారు.