హజ్, ఉమ్రా నుంచి వచ్చాక ఇంట్లో నమాజు నిలబెట్టుకోవడం

అస్సలాము అలైకుమ్. ఉమ్రా (హజ్ రోజుల్లో కాకుండా చేసే చిన్న మక్కా యాత్ర) చేసి వచ్చిన కొత్తలో ఐదు పూటలూ నమాజు తప్పలేదని, కొన్ని నెలలు గడిచేసరికి ఫజర్ (తెల్లవారుజాము నమాజు) నిద్రలోనూ అసర్ (సాయంత్రపు నమాజు) పనిలోనూ పోతున్నాయని, ఏం చేయాలో చెప్పమని అమలాపురం వైపు నుంచి ఒక దంపతులు అడిగారు. కాకినాడ నుంచి నరసాపురం దాకా హజ్‌కో ఉమ్రాకో వెళ్లివచ్చిన చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది.

ఈమాను (విశ్వాసం) తగ్గిపోయిందని కుమిలిపోయే ముందు మక్కా, మదీనాల్లోని రోజుకూ ఇక్కడి రోజుకూ ఉన్న తేడా గమనించాలి. అక్కడ మనకు పొలం లేదు, కొట్టు లేదు, పిల్లల బడి లేదు. అజాన్ వినబడగానే జనమంతా ఒకే వైపు నడుస్తుంటే కాళ్లు వాటంతట అవే కదులుతాయి. ఇక్కడ రోజంతా పనికి ఇచ్చేసి, మిగిలిన సందులో నమాజును ఇరికించాలని చూస్తాము. పైగా, మక్కాలోని మస్జిదుల్ హరామ్‌లో ఒక నమాజు లక్ష నమాజుల కంటే మేలని హదీసులో (ప్రవక్త ప్రవచనాల్లో) ఉన్నమాట నిజమే గాని, అది ఇంటి దగ్గర చదవవలసిన ఫర్జ్ (తప్పనిసరి) నమాజులకు ముందుగా కట్టిన పైకం కాదు.

అందుచేత ముందు రోజుకు 17 రకాతుల (నమాజులోని భాగాల) ఫర్జ్, వాటితో పాటు ఇషా (రాత్రి నమాజు) తర్వాత చదివే విత్ర్ నమాజు గట్టిపరచుకోవాలి. వచ్చీ రాగానే తహజ్జుద్‌తో (అర్ధరాత్రి దాటాక లేచి చదివే ఐచ్ఛిక నమాజుతో) మొదలుపెట్టి నాలుగు వారాలకే అలసిపోయేవారిని చూస్తూనే ఉన్నాము. కొంచెమైనా ఎడతెగక చేసే పనే అల్లాహ్‌కు ప్రియమైనదని ప్రవక్త (స) చెప్పారు.

వేళల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన ఇళ్లలో చాలాచోట్ల హైదరాబాద్ వేళల క్యాలెండరే గోడకు వేలాడుతుంది. హైదరాబాద్ దాదాపు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, రాజమండ్రి 81.8 డిగ్రీల మీద ఉన్నాయి. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ పొద్దు సుమారు 13 నిమిషాలు ముందే పొడుస్తుంది. ఆ క్యాలెండర్ చూసి ఫజర్ వేళ ముగియడానికి ఇంకా పది నిమిషాలు ఉందనుకునేసరికి మన ఊళ్లో సూర్యోదయం అయిపోయి ఉంటుంది. అసర్ చిక్కు వేరు. సౌదీలో వస్తువు నీడ, నడిమధ్యాహ్నపు నీడ పోను, ఆ వస్తువంత కాగానే అసర్ అజాన్ ఇస్తారు. మన వైపు హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయం పాటించే మస్జిదులలో రెండింతలు కావాలి, అంటే గంట అటూ ఇటుగా ఆలస్యం. సరిగ్గా సాయంత్రపు బేరం మొదలయ్యే వేళ అది. కొట్టు నడిపేవారికి నా సలహా ఒకటే: వజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) ముందే చేసుకొని ఉండండి. అసర్ ఫర్జ్ 4 రకాతులే, తర్వాత సున్నతులు (ప్రవక్త ఆచరణగా అదనంగా చదివేవి) లేవు. ఆ కాసేపట్లో బేరం ఎక్కడికీ పోదు.

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి ఉండేవారికి ఫజర్‌కు మెలకువ ఉంటుంది, తీరికే ఉండదు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందే కాబట్టి నీటికి గాలి అందించే ఏరియేటర్లను వదిలి కదలలేరు. అయితే ఫజర్ వేళ గంటకు పైగా ఉంటుంది, పారే కాలువ నీటితో వజూ చెల్లుతుంది, భూమి అంతా మస్జిదేనని హదీసు ఉంది. గట్టు మీద శుభ్రమైన చోట గుడ్డ పరచి రెండు రకాతులు చదువుకోవడానికి అడ్డేమీ లేదు. ఎప్పుడైనా నిద్రలో తప్పిపోతే, గుర్తొచ్చిన వెంటనే కజా (తప్పిన నమాజు) చదవాలి గాని శుక్రవారం దాకా ఆగకూడదు.

ఇంటి విషయానికి వస్తే, మదీనాలో కొన్న జానిమాజ్ (నమాజు చాప) ప్లాస్టిక్ కవరుతో సహా బీరువాలో దాచడం నాకు అర్థం కాదు. దాన్ని ఒక మూల ఎప్పుడూ పరచి ఉంచితే, మగ్రిబ్ (పొద్దు గుంకగానే చదివే నమాజు) వేళ పొయ్యి దగ్గర ఉన్న ఇల్లాలు కూర దించి రెండడుగులు వేస్తే చాలు, పక్కన పిల్లలూ నిలబడతారు. మస్జిదు దగ్గరలో ఉంటే మగవారి ఫర్జ్ అక్కడే. లేని ఊళ్లలో ఇంటిల్లిపాదీ జమాత్‌గా (కలిసి వరుసలో) చదువుకోవచ్చు.

ఆ మూల ఎటు తిరగాలన్నది సరిచూసుకోవాలంటే ఫోనూ అక్కర్లేదు. మన గోదావరి డెల్టా నుంచి కిబ్లా (నమాజులో తిరగవలసిన కాబా దిక్కు) నేరుగా పడమర కాదు, దాదాపు 13 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. ఏటా మే 28న మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణాన వాకిట్లో ఒక కర్రను నిటారుగా పాతి, దాని నీడకు ఎదురుదిక్కున, అంటే ఎండ వచ్చే వైపున, గీత గీసుకోండి. జూలై 16న 2 గంటల 57 నిమిషాలకు కూడా ఇదే కుదురుతుంది గాని, అప్పుడు మన దగ్గర మబ్బులు ఉంటాయి కనుక మే నెలనే నమ్ముకోవడం మంచిది.