వెనిస్‌లో పెళ్ళిరోజు: పడవలో మేమిద్దరం, ఇంకో ముగ్గురు

హాయ్ అండీ అందరికీ. ఈ వీడియో అసలు తీయకూడదనుకున్నాను. మా ఎనిమిదో పెళ్ళిరోజు, ఇద్దరమే వెళ్తున్నాం, రెండు రోజులు కెమెరా బయటికి రాకూడదని మావారు ముందే మాట తీసుకున్నారు. మ్యూనిక్‌లో రైలెక్కి ఇంకా సర్దుకోనేలేదు, ఫ్యామిలీ గ్రూపులో అత్తయ్యగారి మెసేజ్: "వీడియో బాగా తియ్యమ్మా, మీ మావయ్యగారు టీవీలో పెట్టుకుని చూస్తారట." ఇక మావారు కిక్కురుమనలేదు. కెమెరా బ్యాగు ఆయనే దించి ఇచ్చారు.

మ్యూనిక్ నుంచి వెనిస్‌కి రైల్లో దాదాపు ఏడు గంటలు. ఆల్ప్స్ కొండల్లోంచి ఆస్ట్రియా దాటి ఇటలీలోకి దిగుతుంది. దారి పొడుగునా కొండలు, కోటలు, యాపిల్ తోటలు. అవన్నీ ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పెట్టాను, చూసెయ్యండి.

హోటల్ వెనిస్‌లో తీసుకోలేదు, మెస్త్రేలో తీసుకున్నాం. మెస్త్రే అంటే నీళ్ళకి ఇవతల, నేల మీదున్న వెనిస్ అనుకోండి. గదులు చౌక. అక్కడి నుంచి రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో అసలు వెనిస్. టికెట్ రెండు యూరోలు కూడా లేదు. ఇప్పుడు యూరో దాదాపు వంద రూపాయలు కాబట్టి లెక్కకి బుర్ర బద్దలు కొట్టుకోవక్కర్లేదు, పక్కన రెండు సున్నాలు పెట్టేసుకోండి.

ఒక విషయం మాత్రం రాబోయేవాళ్ళ కోసం చెప్పాలి. 2024 నుంచి వెనిస్‌లో రద్దీ రోజుల్లో ఊళ్ళోకి రావడానికే ఫీజు పెట్టారు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళకి అది. మొదట 5 యూరోలు. 2025లో ఆఖరి నిమిషంలో కట్టేవాళ్ళకి 10 చేశారు. మెస్త్రే కూడా వెనిస్ మునిసిపాలిటీయే కాబట్టి అక్కడ రాత్రి ఉండేవాళ్ళకి ఫీజు లేదు. లేదు గానీ, లేదని చూపించే క్యూఆర్ కోడ్ మాత్రం ముందే తీసుకోవాలి. మావారు దాన్ని ఫోన్లో ఒకటి, మెయిల్లో ఒకటి, ప్రింటు తీసి జేబులో ఒకటి పెట్టుకున్నారు. ఎవరూ అడగలేదు. అడగనందుకు ఆయనకి కాస్త బాధ కూడా వేసినట్టుంది.

స్టేషన్ తలుపు దాటి బయటికి వచ్చారా, మెట్లు, ఆ మెట్ల కింద నీళ్ళు. అంతే. రోడ్డు లేదు, ఆటోస్టాండు లేదు, కారు హారన్ లేదు. పెద్ద కాలువ, అవతల ఆకుపచ్చ గుమ్మటం చర్చి, మధ్యలో సిటీ బస్సులా జనాన్ని కుక్కుకుని వెళ్తున్న పడవ. నేను "అబ్బా" అన్నాను. మావారు "టికెట్ 9.50 అంట, ఒక్కసారికి" అన్నారు. ఒకే చోట నిలబడి ఒకే సమయంలో చూశామండీ ఇద్దరం.

సరే, నడుద్దాం అన్నాం. వంద పైచిలుకు చిన్న చిన్న దీవులు, నాలుగొందలకి పైగా వంతెనలు, వాటి మధ్య సందులు. మా ఫోన్లో మ్యాప్ నేరుగా వెళ్ళమంటుంది, నేరుగా వెళ్తే నీళ్ళు. నాలుగైదు సార్లు అలా జరిగాక ఫోన్ లోపల పెట్టేసి గోడల మీద బోర్డులు చూసుకుంటూ వెళ్ళాం. రియాల్తో (పెద్ద కాలువ మీద పాత వంతెన) ఇటు, సాన్ మార్కో (ఊళ్ళో పెద్ద చౌరస్తా) అటు అని పసుపు బోర్డులుంటాయి. ఒక్కోచోట ఒకే చోటికి రెండు వైపులా బాణాలుంటాయి. ఎటెళ్ళినా చేరతావు, కంగారెందుకు అన్నట్టు.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి, మీరు తిట్టుకోకూడదు. మన చానల్లో ఎక్కువ మంది చూసిన వీడియో ఏదో మీకు తెలుసు: జర్మనీలో చెత్త ఎలా వేరు చేయాలో చెప్పింది. పారిస్ వీడియోకి అందులో పదో వంతు రాలేదు. అందుకని ఒక వంతెన మీద నుంచి చెత్త పడవ కనిపించేసరికి నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కార్పొరేషన్ వాళ్ళు సందు సందునా తోపుడు బళ్ళతో చెత్త తెచ్చి కాలువ ఒడ్డున నిలబెడతారు. పడవ మీద చిన్న క్రేన్ ఉంటుంది. అది బండిని అమాంతం పైకెత్తి, అడుగు తెరిచి, చెత్తంతా పడవలో కుమ్మరించి, ఖాళీ బండిని మళ్ళీ ఒడ్డున పెడుతుంది. దాని వెనకాలే ఇంకో పడవ, దాని మీద వాషింగ్ మెషీన్. దాన్ని దించి తోసుకెళ్ళే బండికి ముందు వైపు రెండు చిన్న చక్రాలు అదనంగా ఉన్నాయి, వంతెన మెట్లు ఎక్కించడానికి. ఇక్కడ అంబులెన్స్ పడవే, పోలీసులు పడవే, చివరికి పాడె కూడా పడవే. నలభై నిమిషాలు తీశాను. "పెళ్ళిరోజున కూడా చెత్తేనా" అన్నారు మావారు. ఆ మాట కూడా రికార్డయింది, తీసెయ్యలేదు.

మధ్యాహ్నానికి సాన్ మార్కో చేరాం. పెద్ద చౌరస్తా, ఒక పక్క బంగారు రంగులో మెరిసే చర్చి, ఎదురుగా పొడుగాటి గంట గోపురం. ఆ గోపురం 1902లో ఒక ఉదయం కుప్పకూలిపోయిందట. పదేళ్ళు పట్టి మళ్ళీ అచ్చం అలాగే కట్టి 1912లో తెరిచారు. కాళ్ళు పీకుతున్నాయి, కాఫీ తాగుదామనుకున్నాం. చౌరస్తాలో కుర్చీలేసి, తెల్ల కోట్ల వాళ్ళు వయొలిన్ వాయిస్తున్నారు. మెనూ చూస్తే కాఫీకి ఒక రేటు, సంగీతానికి వేరే. వాళ్ళు వాయిస్తుండగా కూర్చుంటే మనిషికి 6 యూరోలు. ఆరొందల రూపాయలండీ, చెవులకి! మావారు లేచిన తీరు చూసి పక్క టేబుల్ వాళ్ళు ఏమైందా అని చూశారు.

ఇటలీలో చాలాచోట్ల ఇదే పద్ధతి: బార్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. సందులోకెళ్ళి నిలబడి తాగాం, ఇద్దరికీ కలిపి మూడు యూరోలు. చిన్న కప్పు, చిక్కటి కాఫీ, రెండు గుటకలు. మన డికాషన్ వాసన గుర్తొచ్చిందంటే నమ్మండి.

ఇప్పుడు అసలు విషయం, గొండోలా. గొండోలా ఎక్కకుండా వస్తే మా చెల్లెలు నన్ను బతకనివ్వదు. రేటు నగరం వాళ్ళే పెట్టారు, బోర్డు మీద రాసి ఉంటుంది, బేరం లేదు. పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. పాట కావాలంటే దానికి మళ్ళీ వేరే. తొమ్మిది వేల రూపాయలు, అరగంటకి! మావారు బోర్డు దగ్గర నిలబడి రెండుసార్లు చదివారు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. "ఇది మనిషికి కాదు, పడవకి. ఐదుగురు ఎక్కొచ్చంట" అన్నారు.

నాకు అర్థమైపోయింది. వద్దండీ అనేలోపే వెనకనుంచి వినపడింది: "ఏవమ్మా, ఇంతోటి పడవకి అంత డబ్బా? ఆయ్, నే రాను, మీరెళ్ళండి." స్వచ్ఛమైన గోదావరి యాస. తిరిగి చూస్తే ఒక ఆంటీ, నేత చీర, కాళ్ళకి స్పోర్ట్స్ షూ, పక్కన కూతురు, అల్లుడు. స్టుట్‌గార్ట్‌లో ఉంటారట, ఆంటీ కూతురి దగ్గరికి వచ్చారు. మూడు ప్లస్ రెండు ఐదు. మావారు అప్పటికే అల్లుడితో చేతులు కలిపేశారు.

అలా మా రొమాంటిక్ గొండోలాలో ఐదుగురం ఎక్కాం. 2020 దాకా ఆరుగురిని ఎక్కించుకునేవాళ్ళట. టూరిస్టులు లావెక్కారు, పడవ మునిగిపోతోందని ఐదుకి తగ్గించారని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఎవరెక్కడ కూర్చోవాలో కూడా మన ఇష్టం కాదు, బరువు చూసి పడవవాడే చెప్తాడు. వెనక ఒక మెత్తటి సీటు ఉంటుంది, జంటల కోసమే చేసింది. చారల చొక్కా పడవవాడు మమ్మల్ని ఐదుగుర్నీ ఎగాదిగా చూసి, ఆ జంట సీట్లో ఆంటీనీ మావారినీ కూర్చోబెట్టాడు! నేనూ ఆ అమ్మాయీ అల్లుడుగారూ చిన్న స్టూళ్ళ మీద. మా పెళ్ళిరోజు ఫోటో ఇదేనండీ, స్క్రీన్ మీద చూడండి. బిగుసుకుపోయి కూర్చుంది మావారు. నవ్వుతున్నది ఆంటీ.

పడవ కదిలింది. ఐదు నిమిషాలు ఆంటీ ఏం మాట్లాడలేదు. తర్వాత "ఈ పడవ వంకరగా ఉందే" అన్నారు. మేమెవరం గమనించలేదు. నిజమే, గొండోలా వంకరే. పదకొండు మీటర్ల పొడుగు పడవని ఒక్క తెడ్డుతో, అదీ కుడి వైపే వేసి నడుపుతాడు. రెండు వైపులా సమంగా ఉంటే గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఎడమ పక్కని 24 సెంటీమీటర్లు వెడల్పుగా చేస్తారు. అల్లుడుగారు ఫోన్లో చూసి చదువుతుంటే ఆంటీ "అదే కదా నే చెప్పింది" అన్నారు. ఆవిడది సఖినేటిపల్లి దగ్గర. చిన్నప్పటి నుంచి గోదావరి దాటించే పంటు మీద నరసాపురం వెళ్ళొచ్చిన మనిషి. పడవ గురించి ఆవిడకి వికీపీడియా చెప్పేదేముంది.

సందు మలుపుల్లో అవతలి నుంచి ఇంకో పడవ వస్తుందేమోనని వీళ్ళు "ఓయే!" అని కేకేస్తారు. మొదటిసారి వినగానే ఆంటీ "ఓయ్!" అని బదులిచ్చేశారు. పడవవాడికి భలే నచ్చింది. అక్కడి నుంచి ప్రతి మలుపులో ముందు ఆయన, వెనక ఆవిడ. పాటకి వేరే డబ్బులు కట్టే పనే లేకుండా పోయింది.

చివర్లో నిట్టూర్పుల వంతెన. తెల్లరాయితో కట్టిన మూసి ఉన్న వంతెన, పూర్వం వెనిస్‌ని ఏలిన పాలకుడి భవనం నుంచి జైలుకి. ఖైదీలు దాని కిటికీలోంచి ఆఖరుసారి ఊరిని చూసి నిట్టూర్చేవాళ్ళని ఆ పేరు వచ్చిందని చెప్తారు. సాయంత్రం పొద్దుగూకే వేళ దాని కింద పడవలో ముద్దు పెట్టుకున్న జంట ఎప్పటికీ విడిపోదని నమ్మకం. మేం వెళ్ళింది నాలుగింటికి. మావారి పక్కన ఆంటీ. మావారు నీళ్ళకేసి చూశారు, నేను వంతెనకేసి చూశాను. "జైలుకెళ్ళే వంతెనకి ఇన్ని ఫోటోలేంటమ్మా" అన్నారు ఆంటీ.

దిగాక డబ్బుల పంచాయితీ. తొంభైని సగం చేస్తే 45, తలల లెక్కన అయితే మనిషికి 18, మాకు 36. అల్లుడుగారు తలల లెక్కే అన్నారు, మంచి మనిషి. ఆ మాటల్లో మావారు నోరు జారారు, పెళ్ళిరోజు కదా ఎలాగైనా ఎక్కాలనుకున్నాం అని. అంతే, ఆంటీ గయ్యిమన్నారు. "ముందే చెప్పొద్దూ! పెళ్ళిరోజు జంటని విడదీసి మధ్యలో నన్ను కూర్చోబెడతారా?" తిడుతూనే హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి చిన్న పొట్లం బయటికి తీశారు. అంతర్వేది స్వామి అక్షింతలు. కూతురు కంగారు పడిపోయింది: "అమ్మా, ఇక్కడ బియ్యం చల్లకు, పావురాలకి మేత వేశావనుకుని ఫైన్ వేస్తారు." నిజంగానే 2008 నుంచి ఆ చౌరస్తాలో పావురాలకి గింజలు వేయడం నిషేధం. ఆంటీ ఒక్క క్షణం ఆలోచించి, ఒక్కొక్కరి తల మీద లెక్కపెట్టి రెండే గింజలు పెట్టారు. మేం వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాం. పక్కన ఎవరో ఫోటో తీసుకున్నారు.

మొదటి రెండు పెళ్ళిరోజులు ఇంట్లో చేసుకున్నాం. తర్వాత ఐదుసార్లు ఫోన్ని స్టాండుకి పెట్టి, దానికి వంగి దణ్ణం పెట్టాం. అత్తయ్యగారు అటునుంచి చెయ్యెత్తి దీవిస్తారు, ఒక్కోసారి సిగ్నల్ పోయి ఆ చెయ్యి అలాగే ఆగిపోతుంది. అది గుర్తొచ్చిందేమో, నేను లేవడం కొంచెం ఆలస్యమైంది. ఈ ముక్క ఎడిటింగ్‌లో తీసేద్దామనుకున్నాను. అత్తయ్యగారూ, ఉంచేశాను.

"జాకెట్టు ముక్క కూడా లేదమ్మా నా దగ్గర" అని నొచ్చుకుంటూ ఆంటీ నా చేతిలో 20 యూరోల నోటు పెట్టి గుప్పిట మూసేశారు. వద్దంటే వినే మనిషా. మావారు తర్వాత మెల్లగా చెవిలో చెప్పారు: "అంటే గొండోలా మనకి 16కే వచ్చినట్టు."

వాళ్ళు వెళ్ళిపోయాక మేం మళ్ళీ దారి తప్పాం. తిరిగి తిరిగి రియాల్తో అవతల చేపల మార్కెట్ దగ్గర తేలాం. మార్కెట్ కట్టేశారు, నేల కడిగేశారు, వాసన మాత్రం ఉంది. మేం వెళ్ళాల్సింది కాలువకి అటు ఒడ్డుకి. అక్కడ ట్రాగెట్టో ఉంటుంది. పాత గొండోలా లాంటిదే, ఇద్దరు తెడ్డు వేస్తారు, అటొడ్డు నుంచి ఇటొడ్డుకి, రెండు నిమిషాలు, టూరిస్టులకి మనిషికి 2 యూరోలు. అచ్చం మన పంటే, కాకపోతే స్కూటర్లు ఎక్కించరు. సాయంత్రం ఆరు కావస్తోంది, నీళ్ళ మీద ఎండ పచ్చగా పడుతోంది, ఎక్కితే పడవలో మేమిద్దరమే. ఇదీ మన గొండోలా అన్నాను.

కార్డు తీసుకోరట, నోటో చిల్లరో ఉండాలి. మావారు జేబులన్నీ తడిమితే 3 యూరోల 40 సెంట్లు వచ్చాయి. "ఆంటీ ఇచ్చిన ఇరవై ఉందిగా, ఇవ్వు" అన్నారు.

ఇవ్వనన్నాను. ఫోన్ కవర్ వెనక పెట్టేశాను, అది అక్కడే ఉంటుంది. పడవవాళ్ళు ఇద్దరూ మా ముఖాలు చూస్తున్నారు. మావారు తెలుగులో నన్ను, ఇంగ్లీషులో వాళ్ళని బతిమాలారు. 60 సెంట్లు తగ్గించమంటే వాళ్ళు నవ్వారు గానీ తగ్గించలేదు.

రియాల్తో వంతెన మీదుగా చుట్టు తిరిగి నడిచొచ్చాం. పావుగంట పట్టింది. మావారి తల మీద ఆ రెండు గింజలు ఇంకా అలాగే ఉన్నాయి, నేను చెప్పలేదు.