రూల్ తెలిసినవాళ్ల చేతికే రూల్ ఇద్దాం

అందరికీ నమస్కారం. పిల్లలకి మందు మోతాదు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ కోసం ఒక డాక్టర్ గారు ఎక్సెల్‌లో టేబుల్ పంపారు. ఒక వరుసలో 10 నుంచి 20 కిలోలు, దాని కింద 20 నుంచి 30 కిలోలు. మరి సరిగ్గా 20 కిలోలున్న పాప ఏ వరుసలోకి వస్తుంది? ఆవిడని ఎవరూ అడగలేదు. కోడ్ రాసింది నేనే, నాకు తోచినట్టు పై వరుసలో వేసేశాను. డాక్టర్ తీసుకోవాల్సిన నిర్ణయం నేను తీసేసుకున్నానని అప్పుడు నాకు తట్టనే లేదు.

అదే టేబుల్‌ని ఆవిడ ఒక మోడలింగ్ టూల్‌లో, అంటే ప్రోగ్రామింగ్ రాని నిపుణులే రూల్స్ రాస్తే వాటి నుంచి కోడ్ పుట్టించే టూల్‌లో, రాసి ఉంటే, రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని అది అక్కడికక్కడే చెప్పేది. ఇదేమీ ఊహ కాదు, నిర్ణయాల రూల్స్‌ని టేబుల్‌గా రాయడానికి 2015లో వచ్చిన డీఎమ్ఎన్ అనే ప్రమాణంలో ఒక కేసుకి ఒకే వరుస వర్తించాలనే నియమం పెట్టుకోవచ్చు. నెదర్లాండ్స్ పన్నుల శాఖ అయితే కొత్త భాషలు తయారుచేసుకునే జెట్‌బ్రెయిన్స్ ఎంపీఎస్ అనే టూల్ మీద పన్ను నియమాల కోసం ఏకంగా ఒక భాషే తయారుచేసుకుంది, చదివితే మామూలు డచ్ వాక్యాల్లా ఉంటాయి, వాటి నుంచే కోడ్ పుడుతుంది.

కానీ టూల్ ఇచ్చేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. చాలాచోట్ల నిపుణులు మోడల్, అంటే ఆ టూల్‌లో తమ రూల్స్, రాసి మెయిల్ చేస్తారు, ప్రోగ్రామర్ తన ల్యాప్‌టాప్‌లో కోడ్ జనరేట్ చేస్తాడు, ఆయన సెలవు పెడితే అంతా ఆగిపోతుంది. అలా కాకుండా మోడల్ కూడా కోడ్ మార్పులన్నీ భద్రపరిచే గిట్‌లోకే రావాలి, మోడల్ నుంచి కోడ్ పుట్టించే జనరేటర్ టీమ్ అందరికీ ఉమ్మడిగా ఉండే బిల్డ్ సర్వర్‌లోనే నడవాలి, టెస్టులు కూడా నిపుణులే టేబుల్‌గా రాయాలి. అన్నిటికన్నా కష్టమైంది ఇంకోటుంది: టెస్ట్ ఫెయిలైతే జనరేట్ అయిన జావా ఫైల్లో ఫలానా లైన్ అని డాక్టర్‌కి చూపిస్తే ఏం ప్రయోజనం? ఆవిడ టేబుల్లో ఆ వరుసే ఎర్రగా కనబడాలి. రెండు వెర్షన్ల తేడా కూడా ఫైల్ లోపలి ఎక్స్‌ఎమ్ఎల్ కోడ్ గందరగోళంలా కాకుండా టేబుల్‌గానే కనబడాలి. ఈ పని చాలా టీములు తర్వాత చూద్దాంలే అని వదిలేస్తాయి, నా దృష్టిలో మొదట చెయ్యాల్సింది ఇదే.

నిపుణులకి టెన్షన్ ఎందుకని గిట్ సంగతులన్నీ దాచేద్దాం అంటారు కొందరు. కమాండ్లు దాచండి, తప్పు లేదు. కానీ ఏ రూల్ లైవ్‌లో ఉంది, ఏది ఇంకా టెస్టులోనే ఉంది అన్నది మాత్రం వాళ్లకి కనబడి తీరాలి, ఆ రూల్‌కి జవాబుదారీ వాళ్లే కదా.

మా డాక్టర్ గారికి ఆ టూల్ ఇచ్చాక ఆవిడ రాసిన మొదటి టెస్ట్ వరుస: బరువు 20 కిలోలు, కింది వరుస మోతాదు. నేను వేసింది పై వరుసలో.