ఒక్క స్పీకరులో మాయాబజార్

సభకు నమస్కారం.

మాయాబజార్ పాటలంటే పింగళి మాటలు, ఘంటసాల గొంతు. ఆ రెండింటి గురించి కోనసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇవాళ నా మాట ఇంకో సంగతి మీద: ఆ పాటలు మీ ఇంట్లో ఎలా వినబడుతున్నాయి? అవి మోనోలో, అంటే కుడి ఎడమ తేడా లేకుండా శబ్దమంతా ఒకే చానెల్లో తీసిన పాటలు. మోనోలోనే, వీలైతే ఒక్క స్పీకరులోనే వినండి. నేను చెప్పదలచుకున్నది అంతే. ఎందుకో, ఎలాగో చెబుతాను.

సినిమా 1957 మార్చి 27న విడుదలైంది. సాలూరి రాజేశ్వరరావు 'లాహిరి' సహా నాలుగు పాటలకు వరసలు కట్టి తప్పుకుంటే, మిగతా పని ఘంటసాల పూర్తిచేశారు. అప్పట్లో మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యగాళ్ళు ఒకే హాల్లో కూర్చుని ఒకేసారి కానిచ్చేవారు. మైకులు కొద్ది. ఒక్కో వాద్యాన్ని విడివిడిగా రికార్డు చేసుకుని తర్వాత తీరిగ్గా పాళ్ళు కలుపుకునే వీలు లేదు. వేణువు ఎక్కువ వినబడితే ఆ వాయించే మనిషినే వెనక్కి జరపాలి. చివరి చరణంలో ఎవరైనా తప్పితే మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకోవాలి. కాబట్టి ఆ రికార్డింగులో కుడి ఎడమలు లేవు గాని ముందు వెనకలు ఉన్నాయి. గొంతు ముందు, దాని వెనక తీగవాద్యాలు, ఇంకా వెనక తాళం. తెర మీద ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెన్నెల చూపిస్తే, ఈ లోతు అమర్చినవాళ్ళు శబ్దగ్రాహకులు. వాళ్ళ పేర్లు టైటిల్సులో చదివేవాళ్ళే తక్కువ.

ఇప్పుడు అదే పాటను రెండు స్పీకర్లలో పెట్టామనుకోండి. రెండూ ఒకే శబ్దాన్ని పలుకుతాయి. మీరు సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఫరవాలేదు. రెండడుగులు పక్కకు జరిగితే ఒకదాని శబ్దం ముందు, రెండోదానిది రవ్వంత వెనక చెవికి చేరుతుంది. 'లాహిరి'లో పి. లీల గొంతు అంచులు అలుక్కుపోయేది అందుకే. అందుకని ఒక స్పీకరు తీగ పీకేయండి. అయితే పీకే ముందు, రెండు చానెళ్ళూ మిగిలిన స్పీకరులోకి కలిసి వచ్చేలా ఆంప్లిఫయరులో 'మోనో' మీట ఉందేమో చూసి నొక్కండి. ఫోన్లో వినేవాళ్ళకు సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద 'మోనో ఆడియో' ఉంటుంది.

రికార్డు ప్లేయరు ఉన్నవాళ్ళకు ఆ మీటతో ఇంకో లాభం కూడా ఉంది. మోనో రికార్డు గాడిలో పాట అంతా ముల్లును పక్కలకు ఊపేలా చెక్కి ఉంటుంది. దుమ్ము, గీతలు ముల్లును పైకీ కిందికీ కూడా ఎగరేస్తాయి. స్టీరియో కార్ట్రిడ్జి, అంటే ముల్లు కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం, ఈ రెండు కదలికలనూ పట్టుకుంటుంది. మోనో మీట నొక్కితే పైకీ కిందికీ వచ్చిన రొద రెండు చానెళ్ళలో ఎదురెదురై కొట్టుకుపోతుంది. అరిగిన ఎల్పీ, అంటే ఎక్కువ పాటలు పట్టే ప్లాస్టిక్ రికార్డు, కూడా సగం బాగుపడినట్టు వినబడుతుంది, పైసా ఖర్చు లేకుండా.

78 రికార్డులు, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలం రికార్డులు, ఉన్నవాళ్ళు ముల్లు సంగతి చూసుకోవాలి. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 నుంచి 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78కి కావలసింది 75 మైక్రాన్లు. చిన్న ముల్లు పెద్ద గాడిలో అట్టడుక్కి దిగి, అక్కడి మురికిని గీరుతుంది. వచ్చేది పాట కాదు, బరబర. ముల్లు రికార్డు మీద మోపే బరువు 78కి మూడు నుంచి అయిదు గ్రాములు, ఎల్పీకి ఒకటిన్నర నుంచి రెండు.

ఆ తర్వాత వేగం. 78 తిరగాల్సిన పళ్ళెం 80 తిరిగితే శ్రుతి అర్ధస్వరంలో దాదాపు సగం పైకి పోతుంది. వినేవాళ్ళకు 'ఏదో పీలగా ఉందే' అనిపిస్తుంది గాని కారణం తెలియదు. చారల బిళ్ళ, అదే స్ట్రోబ్ డిస్కు, పళ్ళెం మీద పెట్టి చూడండి. మన 50 హెర్ట్‌జ్ కరెంటుకు 77 చారలున్న వరస నిలబడినట్టు కనబడితే వేగం సరి. అయితే మామూలు ఫిలమెంటు బల్బు కిందే చూడాలి. చాలా ఎల్ఈడీ బల్బుల కింద చారలు నిలబడవు, మిషన్లో లోపం ఉందనుకుని మెకానిక్ దగ్గరికి పరుగెడతారు.

ఇక మన డెల్టాకు ప్రత్యేకమైన శత్రువు చెమ్మ. కాలువ గట్టు ఇళ్ళలో, వర్షాకాలంలో అట్ట కవర్లకు బూజు పట్టి, అది గాడిలోకి తెల్లచుక్కలుగా దిగుతుంది. రికార్డుల్ని గోడకు ఆనించకండి, జానెడు దూరం ఉంచండి. నిలువుగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగువి వంగుతాయి. అటక మీద వద్దే వద్దు, వేసవి వేడికి ఎల్పీ అప్పడంలా లేస్తుంది. బూజు కడగడానికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, లీటరుకు రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు లిక్విడు, మెత్తటి గుడ్డ చాలు. గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. మధ్య కాగితం తడవకూడదు. సబ్బు పోయేలా వట్టి నీళ్ళతో మళ్ళీ తుడిచి నీడన ఆరబెట్టండి. 78ని మాత్రం స్పిరిట్‌తో ముట్టుకోవద్దు. అది లక్కతో చేసినది, స్పిరిట్‌లో లక్క కరుగుతుంది. ఒక్క తుడుపుతో పాట పోతుంది, మళ్ళీ రాదు.

శుభ్రం అయింది, వేగం కుదిరింది. ఏం వినాలి? ముందు 'వివాహ భోజనంబు'. గారెలు, బూరెలు, అరిసెల పాట మనకు ఒకరు వివరించాలా! కాని ఈసారి వంటకాలు వదిలేసి నవ్వు వినండి. మాధవపెద్ది సత్యం నవ్వు పాట మధ్యలో దొర్లిన నవ్వు కాదు. ప్రతి 'హ' తాళంలో తన చోట పడుతుంది. వేలితో దెబ్బ వేస్తూ వింటే తెలిసిపోతుంది. తెర మీద రంగారావు బొజ్జ కదిలేదీ ఆ దెబ్బకే.

'ఆహ నా పెళ్ళంట' ఇంకో రకం పరీక్ష. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. సుశీల గొంతు పెళ్ళికూతురి ముచ్చటగా నడుస్తూ ఉండగా, తాళం పలికే జతుల దగ్గర ఘంటసాల గొంతు తోసుకొస్తుంది. వేషం జారిన చోటన్నమాట. సావిత్రి అభినయం చూస్తున్నప్పుడు కన్ను ఆ మార్పును మింగేస్తుంది. చెవితో మాత్రమే విన్నప్పుడు ఆ అతుకు ఎంత నేర్పుగా వేశారో పట్టుబడుతుంది.

'లాహిరి'కి వస్తే, అది మోహనం. స రి గ ప ద, అంతే. మధ్యమం, నిషాదం లేవు. ఇంట్లో హార్మోనియం ఉంటే షడ్జం కుదుర్చుకుని పల్లవి వాయించండి, వేళ్ళు ఆ అయిదు మెట్ల మీదే తిరుగుతాయి. పాట ఒకటే, గొంతులు అవే రెండు. తెర మీద మాత్రం అభిమన్యుడు శశిరేఖ, కృష్ణుడు రుక్మిణి, బలరాముడు రేవతి, ఇలా జంటలు మారతాయి. రికార్డులో ఆ మలుపులు కనబడవు. నన్నడిగితే పాటను ఒకసారి సినిమాలో, ఒకసారి విడిగా వినాలి, ఈ వరుసలోనే. మొదట విడిగా వింటే బొమ్మ వచ్చినప్పుడు చెవి సెలవు తీసుకుంటుంది.

2010లో సినిమాకు రంగులద్ది విడుదల చేసినప్పుడు శబ్దాన్ని కూడా హాలు చుట్టూ స్పీకర్లకు పంచారు. థియేటరులో అది బాగానే ఉండవచ్చు. ఇంట్లో మాత్రం పాత మోనోయే నా పక్షం. ఆన్‌లైన్‌లో 'హెచ్‌డీ', 'డిజిటల్ స్టీరియో' అని పెట్టినవాటిలో చాలా వాటికి ప్రతిధ్వని పూసి, పాత రికార్డు గరగర తీసేస్తూ తీగవాద్యాల మెరుపునూ తీసేస్తారు. గుర్తుపట్టడం సులువే. పాట ఆగిన మరుక్షణం వినండి. గొంతు ఆగినా బావిలోంచి వచ్చినట్టు తోక సాగుతుంటే, ఆ ఫైలు వదిలేయండి.

ఇప్పుడు 'లాహిరి' రెండుసార్లు వేస్తాం, మొదట రెండు స్పీకర్లలో, తర్వాత ఒక్కదాంట్లో. పక్క వరసల్లో ఉన్నవాళ్ళకే తేడా బాగా తెలుస్తుంది, కాబట్టి ఎవరూ మధ్యకు జరగకండి. ఫ్యాన్లు అయిదారు నిమిషాలు కట్టేస్తున్నాం. ఉక్కగానే ఉంటుంది, కొంచెం ఓర్చుకోండి.