గడ్డం మీద వెంట్రుకలు: రేజర్ నుంచి లేజర్ దాకా నేను వాడినవి

అందరికీ నమస్కారం అండీ. కెమెరాని కాస్త దగ్గరికి జరుపుతున్నా, నా గడ్డం చూడండి. ఇక్కడ చర్మం కింద నల్లచుక్క కనిపిస్తోందా? అది రేపటికి పైకొచ్చే వెంట్రుక. ఒకప్పుడు ఇలాంటివి చాలా ఉండేవి. పొద్దున లేవగానే చెయ్యి ముందు అక్కడికే పోయేది.

ముందు రేజర్ సంగతి. షేవ్ చేస్తే ఒత్తుగా వస్తాయని భయపడకండి, అది నిజం కాదు. వెంట్రుక కొస సహజంగా సన్నగా ఉంటుంది. బ్లేడు తగిలితే మొద్దుగా తెగుతుంది, అందుకే చేతికి గరుకుగా తగులుతుంది. వేరుని బ్లేడు ముట్టుకోదు. కాళ్ళకీ చేతులకీ నా ఓటు దీనికే.

హెయిర్ రిమూవల్ క్రీములు వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ని కరిగిస్తాయి. మన చర్మం పై పొరలోనూ కెరాటిన్ ఉంటుంది కదా, అందుకే ప్యాక్ మీద రాసిన టైమ్ దాటనివ్వకూడదు. ఓసారి పై పెదవికి రాసుకుని ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయా. రెండు రోజులు ఎర్రగా, మంట. ముందురోజే చేతి మీద కొంచెం రాసి చూసుకోండి.

వ్యాక్సింగ్ ఒంటికి బాగానే ఉంటుంది. కానీ ముఖానికి రెటినాల్, ట్రెటినోయిన్ లాంటి విటమిన్-ఎ రకం క్రీములు వాడేవాళ్ళు అక్కడ వ్యాక్స్ జోలికి పోవద్దు, చర్మం ఊడొచ్చేస్తుంది.

ఇక లేజర్. ఇది వెంట్రుకలోని నల్లరంగుని పట్టుకుని, ఆ వేడితో వేరుని దెబ్బతీస్తుంది. ఎదిగే దశలో ఉన్న వెంట్రుకల మీదే బాగా పనిచేస్తుంది. అన్నీ ఒకేసారి ఆ దశలో ఉండవు కాబట్టి నాలుగైదు వారాలకోసారి చాలా సిట్టింగులు పడతాయి. మొదటిసారి నేను ముందురోజే ప్లక్కర్‌తో అన్నీ పీకేసుకుని వెళ్ళా. "అసలు వేరు లేకపోతే లేజర్ దేన్ని పట్టుకుంటుందండీ?" అని లేజర్ చేసే ఆవిడ వెనక్కి పంపేశారు. ప్లకింగ్, థ్రెడింగ్, వ్యాక్సింగ్ నెల ముందే ఆపేయండి. షేవింగ్ మాత్రం చేసుకోవచ్చు.

చామనఛాయ, నలుపు రంగు వాళ్ళు ఒక్క మాట తప్పకుండా అడగండి: ఏ లేజర్ వాడుతున్నారు? 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ మన చర్మానికి ఎక్కువ భద్రం. తప్పు మెషిన్ పడితే కాలి మచ్చలు పడతాయి. ఇంట్లో వాడే ఐపీఎల్ (లేజర్ లాగే వెలుతురుతో పనిచేసే) మెషిన్ కొనేముందు కూడా డబ్బా మీద చర్మపు రంగు చార్ట్ చూసుకోండి.

గడ్డం మీద ఉన్నట్టుండి మందంగా వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే మాత్రం ముందు డాక్టర్‌ని కలవండి, ప్లీజ్. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య అయ్యుండొచ్చు. లోపల హార్మోన్లు సరికాకుండా పైన ఎంత తీసినా కొత్తవి వస్తూనే ఉంటాయి.

తెల్ల వెంట్రుకలకి లేజర్ పనిచేయదు, పట్టుకోడానికి రంగే ఉండదు. వాటికి ఎలక్ట్రాలసిస్. సన్నటి సూదితో ఒక్కో వేరుకీ కరెంటు ఇస్తారు. 1875లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టర్ కంట్లోకి పెరిగే రెప్పవెంట్రుకల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 'శాశ్వత తొలగింపు' అని ఒప్పుకునేది దీన్నే. లేజర్‌ని 'శాశ్వత తగ్గింపు' అనే అంటుంది. నాకిక్కడ రెండు తెల్లవి మిగిలాయి, వాటికి ఇదే చేయిస్తున్నా. ఇంకో సిట్టింగ్ అయ్యాక ఇదే గడ్డాన్ని, ఇదే వెలుతురులో మళ్ళీ చూపిస్తాను.