పుట్టి లెక్క మిల్లులో ఒకటి, బ్రౌజర్‌లో ఒకటి: ఎక్సెల్ కస్టమ్ ఫంక్షన్లపై నా రివ్యూ

నమస్తే అండి. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా మామ రైస్ మిల్లులో ఎక్సెల్ పనంతా నేనే చూస్తాను. ఎక్సెల్‌లో మనం సొంతంగా రాసుకున్న ఫంక్షన్ విండోస్‌లో, మ్యాక్‌లో, బ్రౌజర్‌లో ఒకేలా పనిచేయాలంటే ఏం చేయాలో ఈ రోజు చూద్దాం. మూడు వారాలు వాడి చూశాకే ఈ వీడియో చేస్తున్నాను.

మా నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. రైతుతో రేటు మాట్లాడేది పుట్టికి, కాటా మీద తూకం పడేది కిలోల్లో. తేమ ఎక్కువుంటే తరుగు తీయాలి. ఇదంతా ప్రతిసారీ పొడుగు ఫార్ములాగా రాయకుండా పుట్టిసొమ్ము అని ఒక ఫంక్షన్ చేసి పెట్టుకున్నాను. కిలోలు, రేటు, తేమ ఇస్తే రైతుకు ఇవ్వాల్సిన డబ్బు వస్తుంది. సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, ఎక్సెల్ డీఎన్ఏ అనే ఉచిత టూల్‌తో ఎక్సెల్‌కు తగిలించే ఎక్స్ఎల్ఎల్ ఫైలుగా మార్చాను. మిల్లు కంప్యూటర్‌లో ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఇబ్బంది మామ నెల్లూరు ఇంట్లో అదే షీటు తన మ్యాక్‌లో తెరిచిన రోజు వచ్చింది. ఫోన్ చేశారు. "ఏందిరా ఇది, డబ్బులుండాల్సిన కాడ ఏదో ఇంగ్లీషు ముక్క ఉండాది?" ఆ ముక్క నేమ్ ఎర్రర్. ఈ పేరుతో ఫంక్షన్ ఏదీ నాకు తెలియదని ఎక్సెల్ చెబుతోందన్నమాట. ఎక్స్ఎల్ఎల్ అనేది విండోస్ ప్రోగ్రామ్. మ్యాక్‌కు గానీ బ్రౌజర్‌లోని ఎక్సెల్‌కు గానీ అది అర్థం కాదు. రైతు ఎదురుగా కూర్చుని ఉంటే ఆ గడిలో అంకె కనపడకపోవడం ఎంత టెన్షనో మిల్లులో పనిచేసిన వాళ్లకు తెలుసు.

మైక్రోసాఫ్ట్ దీనికిచ్చిన దారి జావాస్క్రిప్ట్ యాడ్-ఇన్, అంటే బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో రాసి ఎక్సెల్‌కు తగిలించే ప్రోగ్రామ్. అదే ఫంక్షన్‌ను జావాస్క్రిప్ట్‌లో రాస్తే విండోస్, మ్యాక్, బ్రౌజర్ మూడింట్లో నడుస్తుంది. మరి పాత షీట్లలో ఎక్స్ఎల్ఎల్ పేరుతో ఉన్న వేల ఫార్ములాల సంగతి? నాకు బాగా నచ్చింది ఇక్కడే. యాడ్-ఇన్ వివరాలను ఎక్సెల్‌కు చెప్పే మానిఫెస్ట్ ఫైల్లో ఈక్వివలెంట్ యాడ్-ఇన్స్ అనే భాగం ఉంటుంది. అందులో ఎక్స్ఎల్ఎల్ ఫైలు పేరు రాసి, ఈ రెండూ ఒకటేనని ఎక్సెల్‌కు చెప్పొచ్చు. ఫంక్షన్ల పేర్లు రెండు చోట్లా ఒకటే అయి ఉండాలి. ఆ తర్వాత విండోస్‌లో ఎక్స్ఎల్ఎల్ ఉంటే అదే నడుస్తుంది, అది నడవని చోట జావాస్క్రిప్ట్ అందుకుంటుంది. ఎక్సెల్ డీఎన్ఏ 32 బిట్ ఎక్సెల్‌కు ఒకటి, 64 బిట్ ఎక్సెల్‌కు ఒకటి, రెండు ఫైళ్లిస్తుంది. మానిఫెస్ట్‌లో రెండింటి పేర్లూ రాయండి. నేను మొదట ఒకటే రాశాను, ఆ తప్పు దొరకబట్టడానికి ఒక సాయంత్రం పోయింది.

ఇంకో మాట. పాత షీటును ఇవన్నీ పెట్టిన విండోస్ ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేయాలి. అలా సేవ్ చేసినప్పుడే ఫార్ములాలు రెండు వైపులా పనికొచ్చే రూపంలోకి మారతాయి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఎడమ వైపు మిల్లు కంప్యూటర్, కుడి వైపు బ్రౌజర్. తూకం 3,420.5 కిలోలు. రేటు పుట్టికి 21,250 అనుకుందాం. తేమ తరుగు లేదు. ఎడమ వైపు 85,512. కుడి వైపు 85,513.

అదే పేరు, అదే షీటు, రూపాయి తేడా. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రైతుకిచ్చే చీటీలో ఒక అంకె, మామ చూసే ఖాతాలో ఇంకో అంకె ఉంటే రూపాయి చిన్నదే అయినా నమ్మకం పోతుంది.

కారణం చెబుతాను. అసలు జవాబు 85,512 రూపాయల 50 పైసలు. సీ షార్ప్‌లో మామూలుగా రౌండ్ చేస్తే సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు పోతుంది, కాబట్టి 85,512. జావాస్క్రిప్ట్ పైకి పోతుంది, కాబట్టి 85,513. పోనీ జావాస్క్రిప్ట్‌దే వాడదామంటే, రైతు నుంచి వెనక్కి రావాల్సిన డబ్బు మైనస్‌లో ఉన్నప్పుడు అది ఎక్సెల్ సొంత రౌండ్‌తో కలవదు. మైనస్ రెండున్నరను జావాస్క్రిప్ట్ మైనస్ రెండు చేస్తుంది, ఎక్సెల్ మైనస్ మూడు చేస్తుంది. అందుకని ఎక్సెల్ పద్ధతినే ప్రమాణంగా పెట్టుకున్నాను. సీ షార్ప్‌లో "అవే ఫ్రమ్ జీరో" (సగం వస్తే సున్నాకు దూరంగా జరుపు) అని స్పష్టంగా రాశాను. జావాస్క్రిప్ట్‌లో గుర్తు పక్కన పెట్టి, రౌండ్ చేసి, మళ్లీ గుర్తు తగిలించాను. కిలోలను ముందు రేటుతో గుణించి, ఆ తర్వాతే 850తో భాగించండి. ముందే భాగిస్తే దశాంశాల చివర వచ్చే చిన్న తేడా, ఇలాంటి సగం దగ్గర జవాబును అటో ఇటో తోసేయొచ్చు.

రెండు వైపులా కోడ్ ఉందంటే పరీక్ష కూడా రెండు వైపులా చేయాల్సిందే. సరిగ్గా సగం వచ్చే తూకాలు, మైనస్ అంకెలు, ఖాళీ గడి, తేమ గడిలో అక్షరాలు, ఇవన్నీ ఒక షీట్లో పెట్టి, కోడ్ మార్చిన ప్రతిసారీ రెండు చోట్లా తెరిచి చూస్తున్నాను.

ఎక్సెల్ ఫార్ములాతోనే సొంత ఫంక్షన్ చేసుకునే లాంబ్డా చాలదా అని అడుగుతారు. మైక్రోసాఫ్ట్ 365 గానీ ఎక్సెల్ 2024 గానీ ఉండి, మీ ఫంక్షన్ చిన్నదైతే లాంబ్డానే వాడండి, యాడ్-ఇన్ గొడవే లేదు. నేను వాడకపోవడానికి కారణం తరుగు. లాంబ్డా ప్రతి ఫైల్లోనూ విడిగా కూర్చుంటుంది. మామ తరుగు లెక్క మార్చమంటే సీజన్ ఫైళ్లన్నీ తెరిచి మార్చాలి. యాడ్-ఇన్‌లో అయితే కోడ్‌లోనే మారిస్తే సరిపోతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. ఐప్యాడ్ ఎక్సెల్‌లో కస్టమ్ ఫంక్షన్లకు సపోర్టు లేదు. వాల్యూమ్ లైసెన్స్‌తో, అంటే సంస్థలు టోకుగా కొన్న 2019, అంతకు ముందు ఎక్సెల్‌లలో కూడా జావాస్క్రిప్ట్ ఫంక్షన్లు రావు. ఇక ఇంటర్నెట్ నుంచి దించిన ఎక్స్ఎల్ఎల్ ఫైళ్లను 2023 నుంచి ఎక్సెల్ మామూలుగానే అడ్డుకుంటోంది. ఫైలును వాట్సాప్‌లో పంపి ఇన్‌స్టాల్ చేసుకోమని చెప్పకండి, మీరే వెళ్లి పెట్టి రండి.

మామకు ఐప్యాడ్ కూడా ఉంది. దానికోసం రోజు చివర లెక్కలను ఉత్త అంకెలుగా ఇంకో షీట్లోకి పేస్ట్ చేస్తున్నాను. నిన్న మ్యాక్‌లో, ఐప్యాడ్‌లో రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. రెండింట్లోనూ 85,513.